బళ్లారిలో నా మొదటి సంసారం

ఒక పెద్దమనిషిని, ఆయన ఇంట్లోనే కూర్చుని, ఆయన పెట్టిన కారాబూందీ తింటూ, "మీ నూలు గది తగలబెడితే ఎంతసేపు కాలుతుందండీ?" అని అడిగినవాడు ఈ భూమ్మీద నేను కాక ఇంకొకడు ఉంటాడనుకోను. అడిగిన సందర్భం పెళ్లిచూపులు. అడిగింది పిల్ల తండ్రిని. అడిగేటప్పుడు నా చేతిలో పెన్ను, నోటుబుక్కు కూడా ఉన్నాయి. ఎందుకంటే ఆయన చెప్పే జవాబు నేను రాసుకోవాలి కదా.

మీరు నవ్వండి, పర్వాలేదు. ఆ రోజు నవ్వింది ఒక్కరే, అది నేను కాదు.

మొదటినుంచీ చెబుతాను. బడి నన్ను పదో తరగతిలో వదిలేసింది. లైబ్రరీ పట్టుకుంది. ఆదోనిలో జిన్నింగ్ మిల్లులో పత్తి తూకాలు రాసే గుమాస్తాను నేను. సాయంత్రం అయిదయ్యేసరికి తలమీద, కనుబొమలమీద, చెవుల్లో పత్తి పింజలతో ముసలి కుందేలులాగా లైబ్రరీకి వెళ్లేవాణ్ణి. అక్కడ ఏ కుర్చీ ఊగుతుందో, ఏ ఫ్యాను కింద కూర్చుంటే పేజీలు ఎగిరిపోవో నాకు తెలిసినంతగా లైబ్రేరియనుకు కూడా తెలియదు. భూగోళం చదివాను, ఖగోళం చదివాను, కోళ్లకు వచ్చే రోగాల గురించి రెండు సంపుటాలు చదివాను. మాకు కోళ్లు లేవు. అదే చదువంటే.

అట్లా చదువుతూ చదువుతూ ఒకరోజు అట్ట లేని పుస్తకం ఒకటి దొరికింది. మొదటి పేజీలు కూడా చినిగిపోయాయి కాబట్టి పేరేమిటో, రాసిందెవరో నాకు ఈనాటికీ తెలియదు. నవల రాయడం ఎలాగో చెప్పే పుస్తకం అది. అది చదివిన వారం రోజులకు నేను నవలాకారుణ్ణి అయిపోయాను. ఒక్క నవల తప్ప అన్నీ ఉన్నాయి.

ఆ పుస్తకం రెండు విషయాలు గట్టిగా చెప్పింది. ఒకటి, ఉత్సాహం తగ్గనీయకూడదు. రోజూ ఉదయం అద్దం ముందు నిలబడి "నేను రాయగలను" అని పదిసార్లు అనాలి. నేను ఇరవైసార్లు అనేవాణ్ణి. మా అమ్మ నర్సమ్మ వంటింట్లోంచి తొంగిచూసి, "ఏమప్పా ఈరేశూ, పొద్దుపొద్దున్నే అద్దంతో ఏం కొట్లాట?" అనేది. నా పేరు వీరేశ్. మా అమ్మ నోట్లో వకారం నిలవదు.

రెండోది, తయారీ. రాయడం మొదలుపెట్టే ముందు పాత్రలన్నీ చేతికి తగిలేంత దగ్గరగా తెలిసి ఉండాలంది. వాళ్ల ఎత్తు, రంగు, ఉద్యోగం, ఆస్తి, కుటుంబం, అలవాట్లు, మనసులోని కోరిక, అన్నీ కాగితం మీద పెట్టుకోవాలంది. నేను ఆ వాక్యం దగ్గర ఆగి, గొప్ప శాస్త్రవేత్తలాగా ఆలోచించాను. ఎత్తు, రంగు, ఉద్యోగం, ఆస్తి, కుటుంబం, అలవాట్లు. ఈ వరసను నేనెక్కడో చూశానే!

మా వీధి చివర జెరాక్సు షాపులో చూశాను. పెళ్లి సంబంధాల బయోడేటా ఫారాలు. గళ్లన్నీ సిద్ధంగా అచ్చువేసి ఉంటాయి. పైన వినాయకుడి బొమ్మ, కుడివైపు ఫోటో అంటించే చోటు, కింద "ఎటువంటి సంబంధం కావలెను" అని రెండు గీతలు. ప్రపంచంలో ఏ నవలాకారుడికీ తట్టని ఉపాయం నాకు తట్టిందని పొంగిపోయి ఒక కట్ట తెచ్చుకున్నాను. నా నవలలో పద్నాలుగు మంది. పద్నాలుగు మందికీ తలా ఒక ఫారం.

ఇక్కడే మీరు నా చెయ్యి పట్టుకుని ఆపి ఉండాల్సింది.

ఏడాదిన్నర గడిచింది. నవల ఒక్క వాక్యం కూడా నడవలేదు. తయారీ మాత్రం ఊరేగింపులాగా సాగుతూనే ఉంది. అన్నిటికంటే విలన్ ఫారం అద్భుతంగా వచ్చింది. ఆయన చెప్పుల సైజు తెలుసు, ఎడమ చెవి ఎందుకు నలిగిందో తెలుసు. హీరో ఫారంలో మాత్రం మూడు గళ్లే నిండాయి. "మంచివాడు" అని రాశాక ఇంకేం రాయాలో తోచలేదు. విలన్ మనసు పట్టుకోవాలని వారం రోజులు ఆయనలాగా నడిచి కూడా చూశాను. మిల్లులో హమాలీలు "కాలు బెణికిందా అన్నా?" అని అడిగి, వేడి ఇటుక కాపడం పెట్టమన్నారు.

ఈ మధ్యలో మా అమ్మ నాకు సంబంధాలు చూస్తూ ఉంది. నాకు ఇరవైతొమ్మిది నిండాయి. అంతకుముందు రెండు సంబంధాలు "పిల్లోడు ఏమో రాస్తాంటాడంట" అని తెలిసి వెనక్కు పోయాయి. మూడోది ఎమ్మిగనూరు సంబంధం. చౌడప్ప అని మగ్గాలాయన, ఆయన కూతురు శ్రావణి. డిగ్రీ చదివింది, చీరల అంచులకు డిజైన్లు గీస్తుంది, అన్నిటికీ మించి లైబ్రరీకి వెళ్తుంది! ఆ మాట విన్నప్పుడే నాకు అన్నం సయించలేదు. ఈ సంబంధం కుదరకపోతే ఇక నాకు ఏ సంబంధమూ వద్దని, అద్దం ముందు నిలబడి ఇరవైసార్లు అదే అనుకున్నాను.

"నీ ఫారం కూడా నింపియ్యప్పా, వాళ్లకియ్యాల," అని మా అమ్మ పదిరోజులుగా అడుగుతోంది.

"నింపుతూనే ఉన్నాను కదమ్మా," అనేవాణ్ణి. అబద్ధం కాదు. నింపుతూనే ఉన్నాను. పద్నాలుగు మందివీ. పదిహేనోవాడు నేను. నా వంతు రాలేదు.

బయలుదేరే రోజు ఉదయం నేను తలకు నూనె పెట్టుకుంటున్న సమయంలో, నాకు తెలియకుండా, మా అమ్మ నా రేకు పెట్టె తెరిచింది. ఆమెకు చదువు రాదు. తన సంతకం, నా పేరు, ఈ రెండే రాస్తుంది. ఆ కట్టలో అన్నిటికంటే నిండుగా, గడి ఖాళీ లేకుండా రాసిన ఫారం తీసింది. పేరు గడి ఒక్కటే ఖాళీ. విలన్‌కు పేరు చివర్లో పెట్టాలని పుస్తకం చెప్పింది కాబట్టి నేను వదిలిపెట్టాను. సిగ్గుపడి వదిలేశాననుకుంది తల్లి. తనకు వచ్చిన అక్షరాలతో, వంకరటింకరగా, ఎంతో ప్రేమగా అందులో నా పేరు రాసింది. నా పాస్‌పోర్టు ఫోటో తీసి అన్నం మెతుకుతో అంటించింది. మడిచి పూలసంచిలో పెట్టుకుంది.

నేనేమో బస్సులో కిటికీ పక్కన కూర్చుని, శ్రావణితో ఏ పుస్తకం గురించి మాట్లాడాలా అని కలలు కంటున్నాను. కోళ్ల రోగాల గురించి వద్దని మాత్రం నిశ్చయించుకున్నాను.

చౌడప్ప గారి ఇల్లు చేరాం. ముందుగదిలో ఒకవైపు మగ్గం, రెండోవైపు నూలు పెట్టుకునే గది తలుపు. మూలన చౌడప్ప గారి తల్లి, ముసలి అవ్వ, రాట్నం మీద కండెలు చుడుతోంది. మా అమ్మ పండ్లు, పూలు, ఫారం వాళ్ల చేతికిచ్చి, ఆడవాళ్లతో కలిసి లోపలికి పోయింది. నేను కారాబూందీతో మిగిలాను.

చౌడప్ప గారు కళ్లజోడు పెట్టుకుని ఫారం విప్పారు. చదివారు. కళ్లజోడు తీసి తుడిచారు. మళ్లీ చదివారు. నన్ను చూశారు.

నాకు ఇటువైపునుంచి నా సిరా, నా చేతిరాత కనిపించాయి. విలన్ ఫారం! నా గుండె ఉప్పొంగింది. ఇంతకాలం మా అమ్మకు నా రాతలంటే గిట్టదనుకున్నాను. అటువంటి తల్లి, కొడుకు ప్రతిభ తెలియాలని, నేను రాసినవాటిలో అన్నిటికంటే గొప్పదాన్ని ఏరి తెచ్చింది!

"నువ్వు రాస్తావంట కదప్పా? మీయమ్మ సెప్పింది," అన్నారు చౌడప్ప.

"అవునండీ." ఆ రోజు పుస్తకాల భాషలోనే మాట్లాడాలని నిర్ణయించుకుని వెళ్లాను.

"ఇదంతా నువ్వే రాసినావా?"

"నేనేనండీ. పేరు మాత్రం ఇంకా పెట్టలేదు."

ఆయన ఫారం పైభాగం చూశారు. అక్కడ నా పేరుంది. ఆ సంగతి నాకు తెలియదు. నావైపు ఫారం వెనకవైపు కదా ఉంది!

"ఎత్తు ఆరడుగులు అని రాసినావే?" నన్ను పైనుంచి కిందికి చూశారు. నేను అయిదడుగుల నాలుగంగుళాలు, చెప్పులతో కలిపి.

"మొదట అయిదున్నర అనుకున్నానండీ. ఆ ఎత్తుకు ఎవరూ భయపడరనిపించి పెంచాను."

"భయపడాల్నా?"

"తప్పకుండా! ముఖ్యంగా మామగారు. చూడగానే ఆయనకు చెమట పట్టాలి."

చౌడప్ప గారు భుజం మీది తువ్వాలుతో నుదురు తుడుచుకున్నారు. నాకేమో, ఆహా, ఎంతగా లీనమయ్యారు అనిపించింది.

"అలవాట్లు అనే కాడ 'అన్నీ' అని ఉండాది."

"విడివిడిగా రాయడానికి స్థలం చాలలేదండీ."

"ఆలూరు దగ్గర ఇరవై ఎకరాలు. అందులో పద్దెనిమిది వేరేవాళ్లవి. అంటే?"

"అంటే లాక్కున్నవి. మిగతా రెండు కూడా సందేహమే."

రాట్నం చప్పుడు నెమ్మదించింది. చౌడప్ప గారు గొంతు తగ్గించారు. "బళ్లారిలో... సంసారం ఉండాదని రాసినావు."

"ఉందండీ. ఇద్దరు పిల్లలు. ఆదోనిలో ఒక్కరికీ తెలియదు. మా అమ్మకు కూడా ఇంకా చెప్పలేదు."

రాట్నం పూర్తిగా ఆగింది. అవ్వ ముందుకు వంగింది. "ఆడపిల్లోల్లా, మగపిల్లోల్లా?"

ఇంటిల్లిపాదీ సాహిత్యాభిమానులు! నేను అవ్వవైపు తిరిగాను. "ఇంకా తేల్చుకోలేదవ్వా."

"కన్నోడివి, నీకే తెలీదా?"

"పైనెలకు తేలుస్తాను. అసలు ఇద్దరెందుకు, ఒకరిని తీసేద్దామా అని కూడా ఉంది. అడ్డంగా ఉన్నారు."

అవ్వ చేతిలోని కండె కిందపడి మగ్గం కిందికి దొర్లింది. ఎవరూ దాన్ని తీయలేదు.

"ఎటువంటి సంబంధం కావలెను," అని చౌడప్ప గారు చదివారు. "నేత కుటుంబం. వారి నూలు గది తగలబెట్టవలెను." తలెత్తారు. "ఎవరి నూలు గది?"

"మామగారిదండీ."

"యా మామది?"

"ఎంతమంది ఉంటారండీ? పిల్లనిచ్చిన మామదే."

అప్పుడు నాకు పుస్తకంలోని ఇంకో సూత్రం గుర్తొచ్చింది. తెలిసినవారు ఎదురైతే వదలకూడదు, అడిగి తెలుసుకోవాలి. నా ఎదురుగా ఉన్నది ముప్పై ఏళ్లుగా నూలుతో బతుకుతున్న మనిషి! జేబులోంచి నోటుబుక్కు తీశాను. పెన్ను మూత తీశాను.

"మీరు ఈ పనిలో పండినవారు. మీ నూలు గది ఉంది చూడండి, అంత గదినే తగలబెడితే ఎంతసేపు కాలుతుందండీ? కిరసనాయిలు ఒక డబ్బా సరిపోతుందా, రెండు కావాలా?"

చౌడప్ప గారు లేచారు. వెనక్కు వెనక్కు నడిచి నూలు గది తలుపుకు వీపు ఆనించి, రెండు చేతులూ అడ్డం పెట్టి నిలబడ్డారు. "ఏమ్మా నర్సమ్మా! ఇట్ల రా! నీ కొడుకుని తీస్కపో!"

అందరూ ముందుగదిలోకి పరిగెత్తుకొచ్చారు. మా అమ్మ చేతిలో సగం తిన్న మైసూరుపాకు ఉంది.

"ఏమైందన్నా?"

"ఏమైందా? నీ కొడుక్కి బళ్లారిలో పెండ్లాం, ఇద్దరు బిడ్డలు! ఈడికొచ్చి మా ఇల్లు తగలబెడతానంటాడు! కిరసనాయిలు ఎంత కావాల్నో నన్నే అడగతాండాడు!"

మా అమ్మ మైసూరుపాకు వదిలేసి, సంచి తీసుకుని నా వీపు మీద రెండు వేసింది. అందులో మిగిలిన పూలన్నీ నా నెత్తిన రాలాయి. పెళ్లికి ముందే తలంబ్రాలు అయిపోయాయి. "బళ్లారిలోనా! నాకు ఒక్క మాట సెప్పలేదు కదరా! పత్తి లోడు ఎంబడి పోయినానంటివి, ఇందుకా పోయింది!" అని ఏడ్చింది. ఏడుస్తూ ఏడుస్తూ ఆగి, ముక్కు తుడుచుకుని, గొంతు మార్చి అడిగింది: "పిల్లోల్ల పేర్లు ఏం పెట్టినావురా?"

"అమ్మా! అది నేను కాదు! అది దుర్మార్గుడి గురించి!"

"ఆ మాటే మేమూ అంటాండాం," అన్నారు చౌడప్ప. "ఫోటో నీదే. పేరు నీదే. మళ్ల నేను కాదంటావు!"

ఫారం నా ముఖం ముందు ఆడించారు. అప్పుడు చూశాను. వినాయకుడి బొమ్మ కింద వంకరటింకర అక్షరాల్లో నా పేరు. పక్కన నా ఫోటో. ఫోటో మూలన ఎండిపోయిన అన్నం మెతుకు. ఏడాదిన్నరగా కష్టపడి తయారుచేసిన మనిషి ఎదురుగా నిలబడి ఉన్నాడు, నా మొహం పెట్టుకుని.

ఎవరూ నా మాట వినడం లేదు. పక్కింటివాళ్లు తలుపు దగ్గర గుమిగూడారు. నాకు భయం వేసింది తన్నులకు కాదు. ఈ గుమ్మం దాటితే శ్రావణి ముఖం ఇంకెప్పుడూ చూడలేనని.

అప్పుడు లోపలినుంచి శ్రావణి వచ్చింది. పెళ్లిచూపుల్లో పిల్ల ఇంత తొందరగా, ఇంత విసురుగా రావడం ఆ వీధిలో అదే మొదటిసారని తర్వాత తెలిసింది. తండ్రి చేతిలోని ఫారం లాక్కుని నిలబడి చదివింది. పెదవి బిగబట్టింది. ఇంతమంది అరిచారు కానీ, ఎవరూ చేయని పని ఒకటి చేసింది. కాగితం వెనక్కి తిప్పింది.

వెనకాల నేను అధ్యాయాల ప్రణాళిక రాసుకుని ఉన్నాను.

"నాయనా, ఇను. ఒకటో అధ్యాయం, విలన్ ఆదోనిలో రైలు దిగును. ఏడో అధ్యాయం, బళ్లారి రహస్యం. పదహైదు, గది తగలబెట్టుట." చివరికి వచ్చి పకపకా నవ్వింది. "ఇరవై రెండు, పత్తి బోరాలు మీదపడి విలన్ సచ్చిపోవును. నాయనా, ఈ కాగితంలో ఆయప్ప సచ్చిపోయినాడు. ఈ కూసున్నాయన ఎవరో వేరే. ఇది నవల."

చౌడప్ప గారు తలుపు మీదినుంచి ఒక చెయ్యి దించారు. రెండోది దించలేదు.

"మళ్ల ఆ పిల్లోల్లు?" అంది మా అమ్మ. ఆ గొంతులో కొంచెం నిరాశ ఉందని నేనంటే ఇప్పటికీ ఒప్పుకోదు.

శ్రావణి నావైపు తిరిగింది. "ఎన్ని అధ్యాయాలు రాసినారు?"

"ఇంకా... మొదలు పెట్టాలి."

"ఈ తయారీ ఎన్ని దినాలనుంచి?"

"ఏడాదిన్నర."

"మొదటి వాక్యమన్నా?"

"ఆలోచిస్తున్నాను."

ఆమె ఫారం ఒకసారి, నన్ను ఒకసారి చూసింది. "నాయనా, ఈ కాగితంలో ఉండే ఆయప్పయితే నాకు కొంచెం నచ్చినాడు. ఏం జేసినా అనుకున్న పని జేస్తాడు."

"మావోడు మంచోడమ్మా!" అంది మా అమ్మ, ప్రాణం పెట్టి.

"మంచోడేలేమ్మా. అందుకే ఇంకా మొదలు పెట్టలేదు." ఆ తర్వాత నాతో అంది: "ఉగాది లోపల ఇరవై రెండూ రాసుకుని రాండి. సదివి సెప్తా."

అదండీ జరిగింది. పెళ్లిచూపులకు పోయి, పిల్లను చూసి వచ్చినవాళ్లున్నారు, వద్దనిపించుకుని వచ్చినవాళ్లున్నారు. గడువు తేదీతో వచ్చినవాణ్ణి నేనే.

ఉత్సాహం అద్దంలో ఉంటుందని ఆ పుస్తకం ఎందుకు చెప్పిందో నాకు తెలియదు. నాకు మాత్రం అది ఫోనులో దొరికింది. ప్రతి ఆదివారం మిల్లులో లోడ్లు దిగే సమయానికి సరిగ్గా చౌడప్ప గారి ఫోను. నా ఫోను పాతది, స్పీకరులో తప్ప వినపడదు. మిల్లంతా వినేది.

"ఏమప్పా ఈరేశూ! తగలబెట్టినావా లేదా?"

"ఇంకా లేదండీ, వచ్చే వారం."

"బిరీన కానియ్యప్పా! ఇంకో మాట. నువ్వనుకున్నట్ల నూలు బగ్గున మండదు. పెరట్లో చింపిరి నూలు కొంచెం కాల్చి చూసినా. లోపల్లోపలే రాజుకుంటాది, పొగ వస్తాది. రాసుకో."

మా సేటు ఆ రోజే గోడౌను తాళాలు నా దగ్గరనుంచి తీసుకున్నాడు. కారణం చెప్పలేదు. నేను కూడా అడగలేదు.

ఒక ఆదివారం అవ్వ ఫోను లాక్కుంది. "అప్పా, ఆ పిల్లోల్లను ఏం సేయొద్దు. ఇద్దర్నీ ఉండనీ. పెద్దదానికి జడేసి బడికి పంపియ్." అందుకే నా నవలలో బళ్లారి పిల్లలు ఇద్దరూ క్షేమం. పెద్దది ఆడపిల్ల. జడ కూడా వేశాను.

సోమవారం నుంచి శనివారం దాకా నేను రాయలేదు, పరిగెత్తాను. తూకం కాంటా పక్కన రాశాను, లారీ నీడలో రాశాను, బాగులేని వాక్యాలే రాశాను, కానీ రాశాను. ఏడాదిన్నరలో పుట్టని మొదటి వాక్యం, ఆదివారం ఏం చెప్పాలా అన్న భయంలో అరగంటలో పుట్టింది. ఉగాదికి ఆరు రోజుల ముందు ఇరవై రెండో అధ్యాయం అయిపోయింది. అయిదు లాంగ్ నోటుబుక్కులు తువ్వాలులో మూటకట్టి ఎమ్మిగనూరులో ఇచ్చి వచ్చాను.

తొమ్మిది రోజులు జవాబు లేదు. ఆ తొమ్మిది రోజులు నేను ఏం తిన్నానో మా అమ్మనడగాలి. పదో రోజు ఫోను మోగింది. ఈసారి శ్రావణి. హమాలీలందరూ బోరాలు దించి నిలబడ్డారు.

"సదివినా," అంది.

"ఎట్లా ఉంది?"

"విలన్ బాగుండాడు. మా నాయన పదహైదో అధ్యాయం రెండుసార్లు సదివించుకున్నాడు. ఆ హీరోను మాత్రం తీసేయండి."

"హీరోనా! ఎందుకు?"

"ప్రతి పేజీలో ఆలోచిస్తాంటాడు. అచ్చం మీ మాదిరే ఉండాడు."

"మరి... మన సంగతి?"

"నవల్లోనుంచి తీసేయమన్నా. పెండ్లిలోనుంచి కాదు."

హమాలీలు వేసిన ఈలలకు సేటు ఆఫీసులోంచి బయటికొచ్చాడు, ఏదైనా తగలబడిందేమోనని.

హీరోను తీసేశాను. ఆయన పోతే నవలకు ఏ నష్టమూ జరగలేదు. పెళ్లి కూడా అయింది, ఎవరి నూలు గదికీ హాని జరగకుండా. నవల ఇప్పుడు రెండోసారి తిరగరాస్తున్నాను. ఆదివారం ఫోనులు ఆగలేదు.

ఇక ఈ అనుభవంతో బుద్ధి వచ్చినవాణ్ణి కాబట్టి, చదువరులందరి సాక్షిగా, కుడిచెయ్యి ఎత్తి ప్రతిజ్ఞ చేస్తున్నాను: నేను నా జీవితంలో ఇంకెప్పుడూ, ఏ పెళ్లిచూపుల్లోనూ, నవల కోసం పరిశోధన చేయను.

ఇంతవరకు రాసి శ్రావణికి చూపించాను. ఆమె చివరి వాక్యం దగ్గర ఆగి, నెమ్మదిగా తలెత్తింది.

"ఇంకా ఎన్ని పెళ్లిచూపులకు పోదామనుకుంటాండారు?"

కాబట్టి పై ప్రతిజ్ఞను వెనక్కు తీసుకుని, అంతకంటే గంభీరమైనది, ఎడమచెయ్యి కూడా ఎత్తి, చేస్తున్నాను: నేను ఇంకెప్పుడూ పెళ్లిచూపులకే వెళ్లను.